ఇడ్లీ రేకుల్లో గేర్ బాక్సు

పాప నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి వచ్చి కూర్చున్నాను. చల్లగానే ఉంది. ఇందాక చూసినప్పుడూ చల్లగానే ఉంది. ఇది రాసేలోగా ఇంకెన్నిసార్లు లేస్తానో నాకే తెలియదు. మా ఆయనా పాపా ఒకే దుప్పట్లో ముడుచుకుని నిద్రపోతున్నారు. నాకు మాత్రం ఇల్లు సద్దుమణిగాకే లోపల రొద మొదలవుతుంది. వంటింట్లో లైటు వేసుకుని రాసుకోవడం అందుకే అలవాటైంది.

రేపు మహర్నవమి. పోయిన ఏడాది ఇదే పండగకి మా కారు ముందు చక్రాలు లేకుండా చెక్క దిమ్మెల మీద నిలబడి ఉంది. దాని గేర్ బాక్సు సగం వాకిట్లో గోనెపట్టా మీద, సగం మా ముందుగదిలో ఇడ్లీ రేకుల్లో ఉంది. మధ్యలో పాపకు జ్వరం.

అసలు మాకు కారు ఎందుకో ముందు చెప్పాలి. పాపకు ఏడాది నిండిన కొత్తలో ఒకరోజు జ్వరం వచ్చి, చూస్తుండగానే కళ్లు తేలేసింది. చేతులు బిగుసుకుపోయాయి. ఫిట్స్ అని తర్వాత తెలిసింది గానీ, అప్పుడు నా కళ్లకు కనిపించింది వేరు. ప్రత్యేక రాష్ట్రం కావాలని ఆ రోజు బంద్. మా ఆయన ధర్నాకు పోయారు. నా ఎడమ కాలు చిన్నప్పుడే పోలియోతో సన్నబడింది, నడవగలను గానీ పరుగెత్తలేను. పాపను భుజాన వేసుకుని మా కాలనీ నుంచి ఎల్బీనగర్ రింగ్ రోడ్డు దాకా కుంటుతూ పోయాను. ఒక్క ఆటో లేదు. ఒక పాల వ్యాను అతను ఆపి ఎక్కించుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లల దవాఖాన ముందు దించాడు.

"చాలామంది పిల్లలకు వచ్చేదే ఇది, అయిదారేళ్లకు దానంతటదే పోతుంది" అంది డాక్టరమ్మ. "జ్వరం వచ్చినప్పుడల్లా కనిపెట్టుకుని ఉండండి. మళ్లీ వస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. ఆలస్యం చేయకుండా తీసుకురండి."

మొదటివన్నీ నా చేతుల్లో ఉన్నవే. ఆఖరిది ఎట్లా? ఆ ఏడాది రోడ్డు మన చేతిలో ఉండేది కాదు. పొద్దున లేచి టీవీ చూస్తే గానీ ఆ రోజు బస్సులు ఉన్నాయో లేవో తెలియదు. అందుకే మలక్‌పేటలో ఒక పెద్దాయన అమ్ముతున్న పాత ఆటోమేటిక్ కారు కొన్నాం. క్లచ్ పెడల్ ఉండదు కాబట్టి ఎడమ కాలితో పని లేదు. మా ఆయనకు కారు నడపడం రాదు, బైకే. గవర్నమెంటు పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతారు గానీ స్టీరింగ్ పట్టుకుంటే చెమటలు. కాబట్టి కారు నాది. కాలనీ సందుల్లో తిప్పి తిప్పి నేర్చుకున్నాను. నంబరు ప్లేటు మీద ఏపీ అక్షరాల పైన ఆయన టీజీ అని స్టిక్కరు అతికించారు. ఆయన చేసిన డ్రైవింగ్ అంతే.

ఆ ఉద్యమంలోనే సర్కారు ఉద్యోగులంతా సమ్మె మొదలుపెట్టిన కొద్దిరోజులకు ఆ కారు నన్ను నాగోలు వంతెన ఎక్కేచోట వదిలేసింది. వెనక సీట్లో పాప. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజను అరుస్తుంది తప్ప బండి ముందుకు పోదు. వెనక నుంచి ఒక ర్యాలీ వస్తోంది, జెండాలతో, డప్పులతో. నలుగురైదుగురు కుర్రాళ్లు వచ్చి కారు మీద చేతులు వేశారు.

"గేర్ ఎయ్యక్కా, నూకుతం."

"గేర్లు వెయ్యనక్కర్లేదు తమ్ముడూ, ఇది ఆటోమేటిక్."

"గేర్ ఎయ్యకుంటె ఎట్ల నడుస్తది?"

"గదేరా, నడుస్తలేదు గద" అన్నాడు పక్కవాడు. ఇంకొకడు వెనక్కి పోయి ప్లేటు చూసి వచ్చాడు. "టీజీ ఉంది, మన బండే, నూకుండ్రి."

నినాదాలు ఇస్తూనే పక్కకు నెట్టి పెట్టారు. బాగానే నవ్వాను వాళ్లతో. ఇంటికి వచ్చాక మాత్రం పాపను ఒళ్లోంచి దించలేదు. ఆ వెనక సీట్లో పాప ఆడుకుంటూ కాక, కళ్లు తేలేసి ఉంటే?

కారును ఒక ట్రాక్టరుకు కట్టి ఇంటికి లాగించుకున్నాం. ఆటోమేటిక్ బాగుచేసే షెడ్డు నగరం అవతలి కొసన ఒక్కటి తెలుసు. ఫోన్ చేస్తే సమ్మె అయ్యాక రమ్మన్నాడు. సమ్మె ఎప్పుడు అవుతుందో సమ్మె చేస్తున్న మా ఆయనకే తెలియదు. కాలేజీ లేదు, ఇంట్లో ఉన్నారు, చేతులు ఊరుకోవడం లేదు. "మనమే దించుదం" అన్నారు ఒకరోజు టీ తాగుతూ.

"మీరు ఎప్పుడన్నా దించారా?"

"ఆటోమేటిక్‌ది దించలే. బొమ్మ గీసి చెప్పిన."

మా ఇంటి ఓనరు పైఅంతస్తులో ఉంటారు. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయన. ఆటోనగర్‌లో డీజిల్ పంపుల షాపు, బంద్‌ల వల్ల అదీ మూతే. ఆయన దగ్గర జాకీలు, గొలుసులు, ఒక పెట్టె నిండా పానాలు ఉన్నాయి. మెట్లు దిగి వచ్చి కారు చుట్టూ తిరిగి, "సమ్మె అంటే పని చెయ్యకూడదు కదా మాస్టారూ" అన్నారు.

"సర్కారు పని చెయ్యొద్దంకుల్. ఇది ఇంటి పని."

"మీ నాయకుల్ని ఒకసారి అడగండి. రేపు మళ్లీ నా మీదకొస్తారు, ఆంధ్రావాడు సమ్మె చెడగొట్టాడని."

అలా మొదలైంది. బ్యాటరీ తీశారు. ముందు చక్రాలు తీశారు. ముందు చక్రాల పైనుండే రెక్కల మీద అడ్డంగా ఇనుప పైపు వేసి, ఇంజను కిందికి జారకుండా గొలుసుతో వేలాడదీశారు. ఆయిల్ దించితే నల్లగా, మాడిన పప్పు వాసనతో వచ్చింది. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ అది. "ఇది ఆయిల్ కాదు, కషాయం" అన్నారు అంకుల్. యాక్సిళ్లు లాగారు. ఇంజనుకీ గేర్ బాక్సుకీ మధ్య బోల్టులు ఒక్కొక్కటే వదులు చేసి, జాకీ మీద ఆ బరువంతా నెమ్మదిగా దించి, గోనెపట్టా మీదకు జరిపారు. సమ్మెకు ముందే ఊరి నుంచి వచ్చి, బస్సుల్లేక మా దగ్గరే ఆగిపోయిన మా అత్తమ్మ గడప మీద కూర్చుని అంతా చూసింది. "బర్రె ఈనితె దూడను దించినట్టే దించిండ్రు" అంది.

"చూశారా మాస్టారూ" అన్నారు అంకుల్ చేతులు తుడుచుకుంటూ. "విడదీయడం ఎంతసేపు. మళ్లీ కలపడం కదా కష్టం."

"విడదీసుడు మా పని అంకుల్. కలుపుడు మీ పని. ఎన్నేండ్ల నుంచి కలుపుకుందం అంటున్నరు గద."

ఇద్దరూ నవ్వారు. అత్తమ్మ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను కారు వంక చూస్తున్నాను. ముక్కు కింద పెద్ద ఖాళీ, అందులోంచి వైర్లు వేలాడుతున్నాయి. ఇప్పుడు జ్వరం వస్తే? అంకుల్ స్కూటరు ఉంది. ఈయన బైకు ఉంది. కానీ ఫిట్స్ వస్తున్న పిల్లను బైకు మీద ఎట్లా పక్కకు తిప్పి పట్టుకోవడం? ఈ ప్రశ్న నేను రోజూ ఎవరినో ఒకరిని అడిగేదాన్ని. "ఎప్పటికి అయితది?" అని కూడా. చివరికి మా ఆయన, "నువ్వు అడిగినప్పుడల్లా ఒక బోల్టు ఆగిపోతున్నది" అన్నారు.

అడగడం మానడానికి నేనే పనిలోకి దిగాను. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివాను. ల్యాబులో నేర్చుకున్నది ఏదన్నా మిగిలిందంటే, తీసిన వస్తువు తీసిన వరసలో పెట్టడం ఒక్కటే. గేర్ బాక్సు లోపల అడుగున అరచేతి కంటే కాస్త పెద్ద అల్యూమినియం పలక ఒకటి ఉంది, వాల్వ్ బాడీ అంటారు. దాని నిండా మెలికలు తిరిగిన గాడులు. ఆ గాడుల్లో ఆయిల్ పరుగెడుతుంటే, వేలంత పొడవు కూడా లేని ఇనుప కడ్డీలు రంధ్రాల్లో అటూ ఇటూ జారి ఆయిల్‌కు దారి మళ్లిస్తాయి. ఏ గేరు ఎప్పుడు పడాలో తేల్చేది అవే. కడ్డీకీ రంధ్రానికీ మధ్య వెంట్రుక పట్టేంత సందు కూడా ఉండదట. చిన్న నలుసు అడ్డం పడ్డా కడ్డీ బిగుసుకుంటుంది, గేరు పడదు. గుడ్డతో తుడిస్తే నూలు పోగులు అంటుకుంటాయని అంకుల్ గుడ్డ కూడా ముట్టనివ్వలేదు.

కడ్డీలు, స్ప్రింగులు, చిన్న ఉక్కు గోలీలు. ఏది ఎక్కడిదో కలిసిపోకుండా ఎందులో పెట్టాలి? నాకు ఇడ్లీ రేకులు గుర్తొచ్చాయి. ఒక్కో గుంటలో ఒక్కో కడ్డీ, దాని స్ప్రింగు దానితోనే. పై వరసవి పై రేకులో, కింది వరసవి కింది రేకులో. అంకుల్ కళ్లజోడు సర్దుకుని చూసి, "ఇరవై ఏళ్లుగా బోల్టులు పోగొట్టుకుంటున్నాను, ఇది తట్టలేదు చూడమ్మాయ్" అన్నారు. అత్తమ్మ మాత్రం, "పండుగ పూట ఇడ్లీలు ఎట్ల జేస్తవు ఇగ?" అంది.

నవమి ముందు రోజు సాయంత్రానికి అన్నీ కడగడం అయిపోయింది. గేర్ బాక్సు లోపల మాడిపోయిన క్లచ్ ప్లేట్ల బదులు, ఆటోనగర్‌లో ఒక షాపు తెరిపించి అంకుల్ తెచ్చిన కొత్తవి నా స్టీలు బేసిన్లో ఎర్ర ఆయిల్లో నానుతున్నాయి. కరెంటు పోయింది. సమ్మెతో కోతలు కూడా ఎక్కువ. ఎల్లుండి బిగిద్దామన్నారు ఇద్దరూ. మధ్యలో ఆయుధ పూజ. పూజకు పెట్టిన పనిముట్టును మర్నాడు పొద్దున దీపం పెట్టి కదిలించేదాకా ముట్టకూడదు. మా అత్తమ్మ వాళ్ల నల్లగొండలోనూ అంతే, అంకుల్ వాళ్ల గుంటూరులోనూ అంతే. ఇంత కొట్లాటలో ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటి. నా లెక్కలో ఒక రోజు పోతోంది. పాప హుషారుగా ఆడుతోంది కదా అని సర్దుకున్నాను. పడుకునే ముందు అత్తమ్మకు చెప్పాను. "ఆ రేకులు, ఆ పలక జర జాగ్రత్త అత్తమ్మా. అన్నిట్లకన్న ముఖ్యమైనవి అవే."

పొద్దున నేను పాపకు పాలు పట్టి ముందుగదిలోకి వచ్చేసరికి పూజ అయిపోయింది. అమ్మవారి పటం ముందు పానాలు, సుత్తులు, జాకీ, నా కూరగాయల కత్తితో సహా వరసగా పేర్చి ఉన్నాయి. ప్రతి దానికీ పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. వాకిట్లో కారు బానెట్‌కు బొట్టు. గేర్ బాక్సు గుల్లకు బొట్టు. అన్నిటికంటే ముందు, అమ్మవారి పాదాల దగ్గర, వాల్వ్ బాడీ. తడి పసుపు మూడు వేళ్లతో గీసి ఉంది. మధ్యలో కుంకుమ. దాని గాడుల్లోనూ, ఇడ్లీ రేకుల్లో ప్రతి గుంటలోనూ అక్షింతలు.

గట్టిగా పిలిచాను. మా ఆయన వచ్చి చూశారు.

"అమ్మా, ఏం జేసినవే?"

"పూజ జేసిన కొడకా."

"ఇవి గూడనా? వీటిని ఎవ్వలన్న ముట్టుకుంటరా?"

"ముఖ్యమైనవని కోడలే చెప్పె గద. ముఖ్యమైనదానికి ముందుగాల పెట్టద్దా?"

"నీకు తెల్వకుంటె అడుగుతె ఏం పోయింది?" ఆయన గొంతు పెరిగింది. కోపంలో కింద కూర్చుని, రేకులోంచి ఒక కడ్డీ తీసి దాని రంధ్రంలోకి తోశారు, కదులుతుందో లేదో చూద్దామని. లోపల ఏదో కరకరలాడింది. ఆ చప్పుడు విని వెంటనే వెనక్కి లాగేశారు.

అత్తమ్మ ముఖం మాడిపోయింది. "పిల్ల మంచిగుండాలని మొక్కుకుంట పెట్టిన. బొట్టు గూడ బండిని ఖరాబు జేస్తదని నాకేమెరుక" అని వంటింట్లోకి పోయింది.

అరుపులు విని కిందికి వచ్చిన అంకుల్ పరిస్థితి చూసి తలగీరుకున్నారు. "కడుక్కోవచ్చులే మాస్టారూ. రేపు కడుగుదాం. ఇవాళ ముట్టకూడదు కదా."

ఆ రోజు మధ్యాహ్నం పాప అన్నం వద్దంది. ఒళ్లు పట్టుకుని చూశాను. నా చెయ్యే వేడిగా ఉందేమోనని నీళ్లలో కడుక్కుని మళ్లీ చూశాను. థర్మామీటర్ పెడితే నూరు దాటింది. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. మందు వెయ్యండి, తడిగుడ్డతో తుడవండి, రేపటికి తగ్గకపోతే తీసుకురండి అంది. మందు వేశాను. తుడిచాను. కిటికీలోంచి చూస్తే చక్రాల్లేని కారు, దాని బానెట్ మీద బొట్టు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. మా ఆయన గోడకానుకుని కూర్చున్నారు. అంకుల్ మెట్ల మీద కూర్చున్నారు. ఇద్దరి కళ్లూ పటం ముందున్న పానాల మీదే ఉన్నాయి. ఎవరూ లేవడం లేదు.

అత్తమ్మ వచ్చి పాప పాదాలు పట్టుకుని చూసింది. పటం ముందు నిలబడి కళ్లు మూసుకుంది. దీపంలో ఇంకాస్త నూనె పోసింది. తర్వాత వంగి, పెద్ద పానా తీసి, కొంగుతో దాని బొట్టు తుడిచి, తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

"పట్టు. అమ్మకు నేను చెప్పుకుంట."

"అమ్మా..."

"నీకేం గాదు. తప్పుంటె నాకు తాకుతది. లే."

ఆయన లేచారు. అంకుల్ తన పానా తనే తీసుకోబోయి ఆగి, "నాది కూడా మీరే ఇయ్యండి చెల్లెమ్మా" అన్నారు. ఆమె ఇచ్చింది.

మగవాళ్లు వాకిట్లో కొత్త ప్లేట్లు పేర్చుతుంటే, వాల్వ్ బాడీ శుభ్రం చేయడం నేనూ అత్తమ్మా తీసుకున్నాం. పాపను మా ఇద్దరి మధ్య చాప మీద పడుకోబెట్టాను. ఎండిన పసుపు గాడుల మూలల్లో పట్టేసింది. పాప కోసం కొన్న కొత్త పళ్ల బ్రష్షును కిరసనాయిల్లో ముంచి ఒక్కో గాడీ తోమాను. అత్తమ్మ సైకిలు పంపుతో గాలి కొట్టింది. గింజలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. తీసినవన్నీ ఆమె ఒక తమలపాకు మీద పెడుతూ వచ్చింది. ఆఖరికి నాకు ఎక్కడా పసుపు చుక్క కనపడలేదు.

"అయిపోయిందత్తమ్మా" అన్నాను. అంకుల్‌ను పిలిచి ఇవ్వబోయాను.

ఆమె తమలపాకు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. "అయిపోలే. ఇండ్ల ఒకటి సగమే ఉన్నది."

"నూక అయ్యుంటుంది."

"నా అక్షింతల్ల నూక ఎక్కడిది బిడ్డా? ఇరిగిన గింజ దేవునికి పెడ్తరా? చాటల పోసుకుని ఒక్కొక్కటి చూసి ఏరిన. ఇది ఈడనే ఇరిగింది. ఇంకో సగం లోపలనే ఉన్నది."

పొద్దున మా ఆయన కడ్డీ తోసినప్పటి కరకర గుర్తొచ్చింది. ఏ రంధ్రమో నాకు తెలుసు, రేకులో ఏ గుంటలోంచి తీశారో చూశాను కాబట్టి. టార్చి వేసి చూస్తే అడుగున, ఆయిల్ పోయే సన్నని దారి నోట్లో, సూది మొనంత పసుపు. గాలి కొడితే ఇంకా లోపలికి పోయేలా ఉంది. నేను గాజుకున్న పిన్నీసు తీశాను. వెనకనుంచి చూస్తున్న అంకుల్ చెయ్యి అడ్డం పెట్టారు. "ఇనుము వద్దమ్మాయ్, గీత పడుద్ది."

అత్తమ్మ లేచి పోయి చీపురులోంచి ఒక ఈనె పుల్ల విరిచి తెచ్చింది. కొసను పళ్లతో నలిపి మెత్తగా చేసింది. "నీ కండ్లు మంచియి, నువ్వే తియ్యి" అంది. టార్చి ఆమె పట్టుకుంది. మూడోసారికి వచ్చింది. తమలపాకు మీద ఆ సగాన్ని ఈ సగం పక్కన పెడితే గింజ పూర్తయింది. మా ఆయన వాకిట్లోంచి వచ్చి దాన్ని చూశారు. తర్వాత తల్లి పక్కన కూర్చుని, "నేనే ఇరగ్గొట్టిన" అన్నారు.

"నీ కోపం మీ నాయిన కోపమే. ఆయన గూడ ఏందన్న పగలగొడితె గాని సల్లబడకపోయేది. పోయి పని చూడు."

చీకటి పడేలోపు గేర్ బాక్సు మూసి ఇంజనుకు తగిలించారు. మిగతాది దసరా పొద్దున. మధ్యలో పాప జ్వరం మందుకు దిగుతూ, మందు బలం తగ్గగానే ఎక్కుతూ ఉంది. నేను ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో అత్తమ్మకు చెప్పాను. మళ్లీ చెప్పాను. ఆమె విసుక్కోకుండా, "పక్కకు తిప్పాలె, నోట్ల ఏం పెట్టద్దు, తాళాల గుత్తి పట్టించద్దు" అని అప్పజెప్పింది. తాళాల గుత్తి సంగతి నేను చెప్పలేదు, ఆమె ఊళ్లో చేసేది అదే. తనకు తానే వద్దనుకుని కలుపుకుంది.

దసరా మధ్యాహ్నం చక్రాలు బిగించి, ఎర్ర ఆయిల్ పోసి, నన్ను పిలిచారు. స్టార్ట్ చేసి డీలో, అంటే ముందుకు పోయే గేరులో, పెట్టాను. బండి ఒక్క క్షణం ఆగి, చిన్నగా కుదిపి, ముందుకు జరిగింది. సందు చివరిదాకా పోయి వెనక్కి వచ్చాను. "ఇంకో నాలుగు రౌండ్లు కొట్టి, కింద ఆయిల్ కారుతుందేమో చూసుకోవాలమ్మాయ్" అని అంకుల్ అంటుండగానే అత్తమ్మ పాపను ఎత్తుకుని వాకిట్లోకి వచ్చింది. "ఒళ్లు కాలిపోతున్నది."

నూట మూడు. ఇంకేం రౌండ్లు.

అత్తమ్మా పాపా వెనక సీట్లో. మా ఆయన బైకు తీశారు, ముందు పోయి దారి చేస్తానని. అంకుల్ గేటు తెరిచి పట్టుకుని, "గట్టిగా తొక్కమాక, నిదానంగా ఎక్కించు. అదే వేసుకుంటుంది గేరు" అన్నారు.

ఎల్బీనగర్ చౌరస్తాలో జనం, జెండాలు, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి నిరసన వంట. ఈయన బైకు మీద నిలబడ్డట్టుగా లేచి, "పిల్లకు బాగ లేదు, జర జరుగుండ్రి" అని అరుస్తూ పోతున్నారు. జరిగారు. నేను ఇంజను చప్పుడే వింటున్నాను. మొదటిది. ఇప్పుడు రెండోది పడాలి. పడింది. ఒక్క మెతక కుదుపు. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి అత్తమ్మ గొంతు, ఎప్పుడూ లేనంత మెల్లగా.

"బిడ్డా, వచ్చింది. నేను పక్కకు తిప్పిన. నువ్వు ఎనకకు చూడకు. రోడ్డు చూడు."

నేను అద్దంలోకి కూడా చూడలేదు. ముందు బైకు వెనక దీపం చూశాను. దుకాణాల షట్టర్లు, ఆగిన లారీలు, జమ్మి ఆకులు పంచుకుంటున్న మనుషులు పక్కల నుంచి పోయారు. చైతన్యపురి దగ్గర మళ్లీ ఆగి మళ్లీ కదలాల్సి వచ్చింది. యాక్సిలరేటర్ తొక్కుతూ, పడు, పడు, అనుకున్నాను రెండో గేరును. పడింది. "తగ్గుతున్నది" అంది అత్తమ్మ. "చేతులు వదులైనయి." దవాఖాన ముందు ఆపేసరికి పాప ఏడుస్తోంది. ఆ ఏడుపు విని నా చేతులు స్టీరింగ్‌ను వదల్లేకపోయాయి. మా ఆయనే వచ్చి వేళ్లు విప్పారు.

డాక్టరమ్మ గొంతు చూసి ఇన్ఫెక్షన్ అంది. రాత్రికి ఉంచుకుని పంపింది. అంతే. ఇంకేమీ కాలేదు. బండి కింద ఒక్క చుక్క ఆయిల్ కూడా కారలేదు.

ఈ ఏడాది బస్సులు నడుస్తున్నాయి. అత్తమ్మ మొన్ననే ఊరి నుంచి వచ్చింది. పాపకు ఫిట్స్ మళ్లీ రాలేదు. జ్వరాలు మాత్రం వస్తున్నాయి, పోతున్నాయి. ఇవాళ సాయంత్రం అత్తమ్మ చాటలో బియ్యం పోసుకుని గింజ గింజా ఏరుతూ నన్ను పిలిచింది.

"రేపు కారుకు బొట్టు ఏడ పెట్టాలె? నువ్వే చెప్పు."

"బానెట్ మీద పెట్టండి అత్తమ్మా. స్టీరింగ్‌కు గూడ పెట్టండి."

"లోపల?"

"లోపల వద్దు."

"మరి లోపలిది ఎవరు చూస్తరు?" అంది, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు.

నేను చాటలోంచి ఒక నూక ఏరి పక్కన పెట్టాను. రోజూ బండి తీసి, సందు దాటి, రోడ్డెక్కి, రెండో గేరు పడేదాకా నేను ఊపిరి బిగబట్టుకునే ఉంటాను. పడ్డాక వదులుతాను. అది చూసుకోవడం అవుతుందో కాదో తెలియదు.

దగ్గు వినిపించింది. పాపదా, ఆయనదా? వెళ్లి చూసి వస్తాను.